నవలను ఏ కొలతతో కొలుస్తున్నాం?

సభకు నమస్కారం.

నా మాట ఒక గీతతో మొదలుపెడతాను. నా నాలుగో నవల మొదట పుస్తకంగా రాలేదు. ఫోన్లో చదువుకునే ఒక యాప్‌లో వారానికి రెండు అధ్యాయాల చొప్పున వచ్చింది. ఆ యాప్ వాళ్ళు రచయితకు ఒక పేజీ చూపిస్తారు. ఏ అధ్యాయాన్ని ఎంతమంది తెరిచారు, ఎంతమంది చివరిదాకా చదివారు, ఎక్కడ ఆపేశారు, అన్నీ అందులో గీతలుగా కనిపిస్తాయి. నా నవల గీత ఆరో అధ్యాయం దాకా కాస్త అటూ ఇటూగా సాగి, ఏడో అధ్యాయం మధ్యలో నిట్టనిలువునా పడిపోయింది. చదువుతున్నవాళ్ళలో మూడో వంతు మంది అక్కడే ఆగిపోయారు.

ఏడో అధ్యాయంలో కథాపరంగా ఏమీ జరగదు. కొడుకు పోయిన ఏడాదికి ఒక తల్లి అతని గది తలుపు తీసి, మంచం మీద కూర్చుంటుంది. బల్ల మీద గడియారం ఆగిపోయి ఉంటుంది. బ్యాటరీ మార్చాలనుకుంటుంది. మార్చదు. అంతే, తొమ్మిది పేజీలు. రాయడానికి నాకు నెలన్నర పట్టింది. ఆ గీత చూసిన రాత్రి నిద్ర పట్టలేదు. మర్నాడు పొద్దున్నే కూర్చుని తొమ్మిది పేజీలను నాలుగు చేశాను. గడియారం తీసేశాను. తర్వాతి అధ్యాయంలోకి పాఠకుణ్ణి లాక్కెళ్ళాలని చివర్లో ఫోన్ మోగేలా చేశాను. అప్‌డేట్ నొక్కాను. కాసేపటికి పాత అధ్యాయం ఎక్కడా లేకుండా పోయింది.

నేను చేసింది తప్పని తెలియడానికి మూడు వారాలు పట్టింది. ఎలా తెలిసిందో తర్వాత చెబుతాను.

ప్రచురణలోకి కొత్త యంత్రం వచ్చినప్పుడల్లా పుస్తకం ఉంటుందా పోతుందా అని మనం వాదించుకుంటాం. కాగితం గొప్పదా, తెర గొప్పదా అని పేజీలకు పేజీలు రాస్తాం. నాకు ఆ చర్చ మీద ఆసక్తి తక్కువ. నేను గమనించేది ఇంకొకటి. ప్రతి కొత్త యంత్రం వెంట ఒక కొత్త కొలత వస్తుంది. నవలకు డబ్బు దేన్ని లెక్కబెట్టి ఇస్తున్నారు? సంపుటాన్నా, సంచికనా, అమ్ముడైన ప్రతినా, చదివిన పేజీనా, విన్న గంటనా? తీగ పందిరిని బట్టి పాకినట్టు, నవల ఆ కొలతను బట్టి పెరుగుతుంది. రచయితకు తెలిసి కొంత, తెలియకుండా చాలా.

పాత ఉదాహరణ చూడండి. పంతొమ్మిదో శతాబ్దపు ఇంగ్లండులో కొత్త నవల అంటే మూడు సంపుటాలు. ధర 31 షిల్లింగుల 6 పెన్నీలు, మామూలు మనిషి కొనలేని ధర. అందుకని జనం చందా లైబ్రరీలో చేరేవాళ్ళు. 1842లో చార్లెస్ ఎడ్వర్డ్ మ్యూడీ పెట్టిన లైబ్రరీ వాటిలో పెద్దది. ఏడాదికి ఒక గినీ, అంటే 21 షిల్లింగులు కడితే ఒకసారికి ఒక సంపుటం ఇంటికి తీసుకెళ్ళవచ్చు. ఈ లెక్కలో కిటుకు చూడండి. నవల మూడు ముక్కలుగా ఉంటే ఒకే నవలను ఒకే సమయంలో ముగ్గురు చందాదారులు చదువుతుంటారు. లైబ్రరీకి లాభం, ఖాయంగా కొనే లైబ్రరీ ఉంది కాబట్టి ప్రచురణకర్తకూ నిశ్చింత. ఇక రచయిత? కథ ఒక సంపుటానికే సరిపోయినా మూడు నింపాలి. కాబట్టి ఉపకథలు వచ్చాయి, పొడుగాటి సంభాషణలు వచ్చాయి, తప్పిపోయిన వారసులు వచ్చారు. జార్జ్ గిస్సింగ్ 1891లో రాసిన ‘న్యూ గ్రబ్ స్ట్రీట్’ నవలలో ఒక రచయిత రెండో సంపుటం నింపలేక గదిలో కూర్చుని కుమిలిపోతాడు. విచిత్రం ఏమిటంటే ఆ నవలను కూడా గిస్సింగ్ మూడు సంపుటాల్లోనే తేవలసి వచ్చింది.

1894లో మ్యూడీ లైబ్రరీ, డబ్ల్యూ. హెచ్. స్మిత్ లైబ్రరీ కలిసి ఇక సంపుటానికి 4 షిల్లింగుల కన్నా ఎక్కువ ఇవ్వబోమని ప్రకటించాయి. మూడు నాలుగేళ్ళలో మూడు సంపుటాల నవల దాదాపు మాయమైంది. అన్నేళ్ళుగా కళారూపం అనుకున్న దాన్ని నిలబెట్టింది ఒక చందా పద్ధతి అని అప్పుడు తేలింది. నవల మాత్రం చావలేదు. చిన్నదైంది, బిగువెక్కింది.

అదే దేశంలో ఇంకో కొలత కూడా నడిచింది, నెలవారీ సంచిక. 1836లో చార్లెస్ డికెన్స్ ‘పిక్విక్ పేపర్స్’ మొదలుపెట్టినప్పుడు మొదటి సంచిక వెయ్యి ప్రతులు వేశారు. 1837 నవంబరులో ముగిసేసరికి 40,000 దాకా అమ్ముతున్నారు. మొదటి రెండు సంచికలు దాటాక సంచికకు 32 పేజీలు, రెండు బొమ్మలు, ధర ఒక షిల్లింగు. పేజీ ఎక్కువైనా కుదరదు, తక్కువైనా కుదరదు. తర్వాతి నవలలకు డికెన్స్ ప్రతి సంచికకూ ఒక కాగితం మీద ప్లాన్ రాసుకునేవాడు. ఆ కాగితాలు ఇప్పటికీ ఉన్నాయి. కుడి వైపు ఆ నెల అధ్యాయాలు, వాటిలో ఏం జరగాలి. ఎడమ వైపు తనకు తాను వేసుకున్న ప్రశ్నలు, ఈ పాత్రను ఈ నెల తేవాలా, ఆ రహస్యం ఇప్పుడే బయటపెట్టాలా అని. వాటి పక్కన తర్వాత తానే రాసుకున్న జవాబులు: ‘అవును’, ‘కాదు’, ‘ఇప్పుడే వద్దు’. ఆ ‘ఇప్పుడే వద్దు’ అన్న మాట గురించి నేను చాలాసార్లు ఆలోచించాను. పాఠకులు ఉత్తరాలు రాస్తున్నారు, అమ్మకాల లెక్క ప్రతి నెలా చేతికొస్తోంది. ‘పిక్విక్’లో సామ్ వెల్లర్ అనే పాత్ర నాలుగో సంచికలో అడుగుపెట్టాక అమ్మకాలు పెరగడం చూసి డికెన్స్ అతన్ని కథ మధ్యలోకి తెచ్చాడు. 1841లో, వారం వారం వచ్చిన ‘ఓల్డ్ క్యూరియాసిటీ షాప్’లో చిన్నారి నెల్‌ని చంపవద్దని ఎందరో ఉత్తరాలు రాస్తే వాళ్ళ మాట వినలేదు. ఒకచోట విన్నాడు, ఇంకోచోట వినలేదు. సంచిక కొలత ఆయన నెత్తిన ఉన్నా, ఎక్కడ లొంగాలో నిర్ణయించుకునే గడువు ఆయన చేతిలో ఉంది. నాకు ఆ గీత చూపించిన పేజీ అలాంటి గడువు ఇవ్వలేదు. నిజం చెప్పాలంటే నేనూ తీసుకోలేదు.

పేపర్‌బ్యాక్ సంగతి అందరికీ తెలిసిందే కాబట్టి ఒక్క మాటతో వదిలేస్తాను. 1935లో అలెన్ లేన్ అనే ప్రచురణకర్త పెంగ్విన్ పుస్తకాలను 6 పెన్నీలకు, అంటే అప్పటి ఒక సిగరెట్ పెట్టె ధరకు తెచ్చాడు. ఊల్‌వర్త్ దుకాణాలు 63,500 ప్రతులు అడిగాకే ఆ ప్రయత్నం నిలబడింది. ఇక్కడ కొలత అమ్ముడైన ప్రతి. పాఠకుడు డబ్బు కట్టి పుస్తకం ఇంటికి తీసుకెళ్తే లెక్క పూర్తయినట్టే. చదివాడా, సగంలో ఆపాడా, బల్ల కింద కోడు ఊగకుండా పెట్టుకున్నాడా, రచయితకు తెలియదు, రాయల్టీకి సంబంధం లేదు. ఈ తెలియకపోవడం వల్ల రచయితకు ఎంత స్వేచ్ఛ దొరికిందో అది పోయాకే మనకు అర్థమవుతోంది. ఇరవయ్యో శతాబ్దంలో వచ్చిన ఎన్నో కష్టమైన నవలలు, నెమ్మదిగా నడిచే నవలలు, సగం మంది పూర్తి చేయని నవలలు ఆ చీకట్లోనే బతికాయి.

2007 నవంబరులో అమెజాన్ సంస్థ తెర మీద పుస్తకాలు చదువుకునే యంత్రం, కిండిల్, తెచ్చింది. అది వచ్చినప్పుడు అందరం తెర గురించి, బరువు గురించి మాట్లాడుకున్నాం. అసలు మార్పు దాని వెనకాల జరిగింది. పాఠకుడు ఎంత చదివాడో మొదటిసారిగా యంత్రానికి తెలిసింది. 2014లో అదే అమెజాన్ నెల చందా పథకం పెట్టింది. నెలకు ఇంత అని కడితే పథకంలో ఉన్న పుస్తకాలు ఎన్నైనా చదువుకోవచ్చు. మొదటి ఏడాది పాఠకుడు పుస్తకంలో పదో వంతు దాటితే రచయితకు డబ్బు వచ్చేది. పదో వంతు అంటే ఏమిటి? ముప్పై పేజీల పుస్తకంలో మూడు పేజీలు. ఇంకేముంది, చిన్న పుస్తకాల వరద. ఒక నవలను ఐదారు ముక్కలు చేసి పెట్టినవాళ్ళూ ఉన్నారు. 2015 జులై నుంచి కొలత మార్చారు. చదివిన ప్రతి పేజీకి ఇంత, సుమారు అర సెంటు లేదా ఇంకా తక్కువ. మళ్ళీ నవల లావెక్కింది. పాత కథలన్నీ వెనకాల అతికించి వేల పేజీలు చేసినవాళ్ళు వచ్చారు. మొదటి పేజీలోనే ఒక లింకు పెట్టి, అది నొక్కితే పాఠకుణ్ణి చివరి పేజీకి పంపేసి, మధ్యలోవన్నీ చదివినట్టు లెక్క చూపించినవాళ్ళూ వచ్చారు. చివరికి ఒక పుస్తకానికి 3,000 పేజీలకు మించి లెక్కించబోమని హద్దు పెట్టాల్సి వచ్చింది. మూడు సంపుటాల నవలా రచయిత రెండో సంపుటం నింపుకుంటూ కూర్చున్న గది గుర్తొస్తోందా మీకు?

మోసగాళ్ళను పక్కన పెట్టండి. నిజాయితీగా రాసేవాళ్ళకు ఏమవుతుందో నాకు ముఖ్యం. చైనాలో చీడియెన్ అనే సైటు 2003లో డబ్బు కట్టి చదివే అధ్యాయాలు మొదలుపెట్టింది. అక్కడ వెయ్యి అక్షరాలకు ఇంత అని లెక్క. మొదటి కొన్ని అధ్యాయాలు ఉచితం, ఆ తర్వాత నుంచి అధ్యాయానికి చిల్లర డబ్బులు. రోజుకు కొన్ని వేల అక్షరాలు రాయాలి. ఒక్కరోజు మానేస్తే పాఠకులు అడుగుతారు, సైటు వరసలో రచయిత కిందికి జారిపోతాడు. అలా లక్షలు దాటి మిలియన్ల అక్షరాల నవలలు పుట్టాయి. అందులో గొప్ప ఊహాశక్తి ఉన్నవి ఉన్నాయి. వాటిని తక్కువగా చూసేవాళ్ళతో నేను ఏకీభవించను. పాఠకుడికీ రచయితకీ మధ్య రోజూ జరిగే ఆ సంభాషణలో నాకు పాత కథకుడి గొంతు వినిపిస్తుంది. కాని వెనక్కి తిరిగి చూసి ఒక వాక్యం కొట్టేయడానికి ఆ రచయితకు సమయం లేదు. కొట్టేస్తే డబ్బు తగ్గుతుంది కూడా. రాసేవాళ్ళకు కొట్టివేత ఎంత పెద్ద పనో ఈ సభలో చెప్పనక్కర్లేదు.

జపాన్‌లో ఇంకో దారి. అక్కడ సెల్‌ఫోన్లో రాసి, సెల్‌ఫోన్లోనే చదివే నవలలు వచ్చాయి. 2007లో అచ్చు నవలల అమ్మకాల్లో మొదటి పదింటిలో ఐదు అలా ఫోన్లో పుట్టినవే. చిన్న చిన్న వాక్యాలు, వాటి మధ్య బోలెడంత ఖాళీ. పుస్తకంగా వేసినప్పుడు జపనీస్ నవలకు అలవాటైన నిలువు వరసలు వదిలి, ఫోన్లో ఉన్నట్టే అడ్డంగా వేశారు. తెర వదిలి కాగితం మీదికి వచ్చినా తెర ఆకారం వదల్లేదు.

ఇప్పుడు వినే నవల. ఇది కొత్తదని అనుకుంటాం గాని 1935లోనే బ్రిటన్‌లో చూపు లేనివాళ్ళ కోసం నవలలను రికార్డుల మీదికి ఎక్కించారు. మొదటివాటిలో అగాథా క్రిస్టీ నవల ఒకటి, జోసెఫ్ కాన్రాడ్‌ది ఒకటి. ఒక వైపు 25 నిమిషాలు నడిచేది, ఆ తర్వాత లేచి రికార్డు తిప్పాలి. ఇవాళ లక్ష మాటల ఇంగ్లిషు నవల పది పదకొండు గంటల ఫైలు. ఆడియో పని చేసినప్పుడు నేను నేర్చుకున్నది ఒకటి చెబుతాను. నా నవల చదివిన ఆవిడ మంచి కళాకారిణి. స్టూడియోలో గాజు అద్దానికి ఇవతల హెడ్‌ఫోన్లు పెట్టుకుని కూర్చున్నాను. ఒక సంభాషణలో ప్రతి మాట చివరా నేను ‘అన్నాడు’, ‘అంది’ అని రాశాను. కంటితో చదివేటప్పుడు ఆ మాటలు కనిపించవు, దాటిపోతాం. చెవిలో అవి మేకుల్లా దిగాయి. అన్నాడు, అంది, అన్నాడు, అంది. ఆవిడ ఆపి నా వైపు చూసింది, ఏమీ అనలేదు. ఇంకోటి కూడా అక్కడే తెలిసింది. ఇద్దరు పాత్రల పేర్లు ఒకే అక్షరంతో మొదలైతే, వినేవాడు వెనక్కి తిప్పి చూసుకోలేడు కాబట్టి, ఎవరెవరో కలిసిపోతారు. ఆ రోజు నుంచి ప్రతి అధ్యాయం పైకి చదువుకుంటున్నాను. ఈ కొలత నాకు మేలు చేసింది, ఒప్పుకుంటాను. చూపు లేని పాఠకులకు, రోజంతా చేతులు ఖాళీ లేని పాఠకులకు అది చేసిన మేలు ఇంకా పెద్దది.

ఇక పాఠకుడి వైపు నుంచి మాట్లాడాలి. మన చేతిలో ఉన్న పుస్తకం మనదేనా? 2009 జులైలో కొందరు కిండిల్ పాఠకులు పొద్దున లేచి చూసేసరికి వాళ్ళు డబ్బు పెట్టి కొన్న జార్జ్ ఆర్వెల్ నవలలు మాయమయ్యాయి. వాటిని అమ్మకానికి పెట్టినవాళ్ళకు హక్కు లేదని కంపెనీ దూరం నుంచే తీసేసి డబ్బు వెనక్కి ఇచ్చింది. తర్వాత క్షమాపణ చెప్పింది. వాటిలో, సర్కారు పాత రాతలను మాయం చేసే కథ ‘1984’ కూడా ఉంది. తీసేసిన కాపీల్లో ఒక విద్యార్థి చదువు కోసం రాసుకున్న నోట్సు దేనికి రాశాడో తెలియకుండా అయిపోయింది. ఈ వ్యవస్థలో మనకు అమ్మేది పుస్తకం కాదు, చదువుకునే అనుమతి. లైబ్రరీలకూ అంతే. 2011లో హార్పర్‌కాలిన్స్ సంస్థ తమ ఈబుక్‌ను లైబ్రరీ 26 సార్లు అరువిచ్చాక మళ్ళీ కొనుక్కోవాలని నియమం పెట్టింది. 26 మంది పాఠకులు, ఆ తర్వాత ఆ నవల ఆ లైబ్రరీలో లేనట్టే. కాగితపు పుస్తకం అట్ట ఊడిపోయినా ఎవరో ఒకరు అతికిస్తారు కదా!

రచయిత హక్కుల విషయంలో కూడా ఇలాంటి చిక్కే ఉంది. ఇది కుర్ర రచయితలు శ్రద్ధగా వినాలి. పాత ఒప్పందాల్లో పుస్తకం మార్కెట్లో దొరకకుండా పోతే హక్కులు రచయితకు తిరిగి వచ్చేవి. ఇప్పుడు ప్రింట్ ఆన్ డిమాండ్ ఉంది, ఎవరైనా అడిగితే ఒక్క ప్రతి వేసి ఇస్తారు. ఈబుక్ ఎప్పుడూ దొరుకుతూనే ఉంటుంది. అంటే పుస్తకం ఏనాడూ ‘దొరకకుండా’ పోదు. ఏడాదికి రెండు ప్రతులు అమ్మినా హక్కులు మీ దగ్గరకు రావు. అందుకే ఒప్పందం మీద సంతకం పెట్టేముందు, ఏడాదికి ఇన్ని ప్రతుల కన్నా తక్కువ అమ్మితే హక్కులు నావి అనే వాక్యం అందులో ఉందో లేదో చూసుకోండి. లేకపోతే అడగండి. అడగడానికి మొహమాటపడకండి. కావాలంటే ఈ ప్రసంగంలో మిగతాదంతా మరిచిపోండి, ఈ ఒక్కటి గుర్తుపెట్టుకోండి.

యంత్రం రాసే రాతల గురించి అడుగుతారని తెలుసు. 2023 ఫిబ్రవరిలో క్లార్క్స్‌వరల్డ్ అనే సైన్స్ ఫిక్షన్ పత్రిక కథలు తీసుకోవడం కొన్నాళ్ళు ఆపేసింది. యంత్రంతో రాయించిన కథలు ఆ ఒక్క నెలలో వందల్లో వచ్చి పడ్డాయి. ఆ ఏడాది సెప్టెంబరులో అమెజాన్ ఒక రచయిత రోజుకు మూడు పుస్తకాలకు మించి పెట్టకూడదని హద్దు పెట్టింది. రోజుకు మూడు! నాకు ఇందులో బాధ కలిగించేది యంత్రం బాగా రాస్తుందా లేదా అన్నది కాదు. ఆ పత్రిక తలుపు మూసుకున్న రోజుల్లో, మొదటి కథ రాసి పంపుదామని ఎదురుచూసిన ఎవరో ఒక అమ్మాయి ఉండే ఉంటుంది. కొలత రాశి అయినప్పుడు ముందు నలిగేది ఇంకా పేరు రానివాళ్ళే.

మళ్ళీ నా గీత దగ్గరకు వస్తాను.

అధ్యాయం మార్చిన మూడు వారాలకు ఒక పాఠకురాలు నాకు రాసింది. ‘ఏడో అధ్యాయం సగం చదివి ఫోన్ పక్కన పెట్టేశాను. ఇంక ఆ రాత్రి చదవలేకపోయాను. ఆ గడియారం దగ్గర ఆగిపోయాను. మాకూ ఇంట్లో అలాంటి గది ఒకటుంది. కొన్నాళ్ళకు ధైర్యం చేసుకుని మళ్ళీ తెరిస్తే గడియారం లేదు. నేనే ఊహించుకున్నానా అనుకున్నాను. దయచేసి చెప్పండి, గడియారం ఉందా లేదా?’

ఆ ఉత్తరం చదివి చాలాసేపు కూర్చుండిపోయాను. గీత అబద్ధం చెప్పలేదు. ఆవిడ నిజంగానే అక్కడ ఆగిపోయింది. విసుగుతో ఆగినవాళ్ళూ, గుండె బరువెక్కి ఆగినవాళ్ళూ ఆ గీతలో ఒకే చుక్కగా పడతారు. నేను విసుగనే చదువుకున్నాను. అంతకన్నా ఘోరం, ఒక మనిషి తన దుఃఖాన్ని ఆనించుకున్న వస్తువును ఆమెకు తెలియకుండా తీసేశాను. అచ్చు పుస్తకానికి ఆ పని చేయడం నా వల్ల అయ్యేది కాదు.

ఉందని ఆవిడకు జవాబు రాశాను. నా దగ్గర పాత ఫైలు లేదు, దాని మీదే దిద్దేశాను. పాత రూపం అంతకు ముందే ప్రింటు తీసి ఒక మిత్రుడికి చదవడానికి ఇచ్చాను. అదృష్టం కొద్దీ అతను పారేయలేదు. పెన్సిల్‌తో అక్కడక్కడా గీతలు పెట్టిన ఆ తొమ్మిది కాగితాలు తెచ్చుకుని, మళ్ళీ మొదటి నుంచి టైపు చేసుకున్నాను. యాప్‌లో పెట్టాను. ఆ కింద ఒక వాక్యం కూడా రాశాను, ఈ అధ్యాయం ఫలానా తేదీన మార్చాను, ఫలానా తేదీన పాత రూపానికి తెచ్చాను అని. అప్పటి నుంచి ఆన్‌లైన్‌లో ఏది దిద్దినా తేదీ వేస్తున్నాను. గీతలు చూపించే ఆ పేజీని నవల ముగిసేదాకా తెరవడం మానేశాను.

పోయిన ఏడాది ఆ నవల అచ్చులో వచ్చింది. ఏడో అధ్యాయం 71వ పేజీలో మొదలై 79వ పేజీలో ముగుస్తుంది. గడియారం 76లో ఉంది. ఆవిడకు ఒక ప్రతి పంపాను.

ఇక మీరు అడగండి. వెనక వరసలో ఎవరో చాలాసేపటి నుంచి చెయ్యెత్తి ఉన్నారు, ముందు వారికి మైకు ఇవ్వండి.